గుణం అనే మాటకి నేను భయపడిన సంగతి

కొత్తగా డాక్టర్లయిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, మీ రోజుల్లో స్కానింగులు లేవు, గంటలో రిపోర్టులు వచ్చే లాబులు లేవు. ఎలా నెట్టుకొచ్చారు?" అని అడుగుతారు. భయపడుతూ నెట్టుకొచ్చాం అంటాను. సరదాకి అన్నాననుకుని నవ్వుతారు.

సరదాకి కాదు. ఎక్కడ చదివానో, ఆసుపత్రి ఎలా కట్టానో, ఎవరు శాలువా కప్పారో రాయడానికి నాకు ఉత్సాహం లేదు. అవన్నీ అందరికీ ఉండేవే. ఈ వృత్తిలో నాకు బాగా గుర్తున్నది భయం. ఆ భయం చాలాసార్లు ఒక మాట రూపంలో నా గది గుమ్మం దాటి వచ్చింది. అది జబ్బు పేరు కాదు, మందు పేరూ కాదు. అందరూ రోజూ వాడే 'గుణం' అనే మాట.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో ఉర్దూ. గుణం అంటే నాకు తెలిసింది మంచి గుణం, చెడ్డ గుణం, లెక్కల్లో గుణకారం. మందు వేసుకున్నాక "గుణం కనిపించింది" అంటే తగ్గుముఖం పట్టిందని అర్థం. అంతకుమించి ఆ మాటలో ఇంకేదో ఉంటుందని నాకు తోచలేదు. డెబ్భైల్లో నందిగామ వచ్చి ఒక పెద్ద డాక్టరుగారి నర్సింగ్ హోములో చేరేనాటికి నా తెలుగు అంతే.

సంతోషం అన్నాను

ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయి చేతులు కడుక్కుంటున్నాను. గుమ్మంలో ఒక రైతు నిలబడ్డాడు. దుమ్ము కొట్టుకుపోయిన పంచె, మెడలో తువ్వాలు. చందర్లపాడు అవతల నించి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పేరు వెంకటేశ్వర్లు. అతని భార్య సామ్రాజ్యాన్ని ఎనిమిదో నెలలో ఒకసారి చూశాను. కాళ్ళకి నీరు, బీపీ ఎక్కువ. ఉప్పు మానమని, కాన్పు ఇక్కడే చేయించుకోమని చెప్పి పంపాను. ఆ తర్వాత రాలేదు.

"ఏం వెంకటేశ్వర్లూ, సామ్రాజ్యం ఎలా ఉంది?" అన్నాను.

"మొన్న కాన్పయిందండి. ఆడపిల్ల."

"ఇంటి దగ్గరేనా?"

"ఇంటికాడేనండి. పొద్దున గుణం కనిపించిందండి."

"మంచిది, సంతోషం" అన్నాను తువ్వాలు అందుకుంటూ.

అతను కదల్లేదు. నా వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"సంతోషమేంటండీ?" అన్నాడు మెల్లగా. "పళ్ళు గిట్టకరిచింది. కళ్ళు తేలేసింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుందండి. సంతోషమేంటండీ డాక్టరమ్మా?"

పక్కగదిలోంచి పెద్ద డాక్టరుగారు వచ్చారు. ఆయనది ఆ చుట్టుపక్కల ఊరే. మాట కటువు.

"బాలింత గుణమా? ఎన్నిసార్లొచ్చింది?" అని అడిగారు.

"నే బయల్దేరేలోపు రెండుసార్లండి."

ఆయన నావైపు తిరిగి, "ఫిట్స్ అమ్మా. కారు తీసుకెళ్ళి మనిషిని తీసుకురా. నేనిక్కడ అన్నీ సిద్ధం చేయిస్తా" అన్నారు.

కాన్పు ముందూ వెనకా వచ్చే ఇలాంటి ఫిట్స్ నేను చూడకపోలేదు. మెడికల్ కాలేజీలో చూశాను. కానీ అక్కడ నా చుట్టూ ప్రొఫెసర్లు, సీనియర్లు, నర్సులు ఉండేవారు. ఇప్పుడు గోతుల రోడ్డు మీద ఊగుతున్న అంబాసిడర్లో నా ఒళ్ళో ఒక సంచి మాత్రమే ఉంది. ముందు సీట్లో కూర్చున్న వెంకటేశ్వర్లు వెనక్కి తిరిగి తిరిగి, "తెద్దామనే అనుకున్నానండి, మా అమ్మ వద్దందండి" అంటున్నాడు. ప్రతిసారీ "సరేలే" అంటున్నాను. పుస్తకంలో ఆ పేజీ గుర్తుకు తెచ్చుకోవాలని చూస్తే అక్షరాలు కనపడటం లేదు. సంతోషం అన్న నా మాటే చెవుల్లో మోగుతోంది.

ఇంటి తలుపులు, కిటికీలు మూసేసి ఉన్నాయి. పెరట్లో ఒకాయన నిప్పుల్లో కొడవలి కాలుస్తున్నాడు. గుణం తగ్గడానికి అరికాళ్ళ మీద వాత పెడతారట. గుమ్మంలో వెంకటేశ్వర్లు తల్లి అడ్డంగా కూర్చుంది.

"లోపలికి రామాకమ్మా. గుణం పట్టిన మనిషి కాడికి బయటోళ్ళు రాకూడదు" అంది.

"నేను డాక్టర్నమ్మా."

"నువ్వెవరైనా సరే."

ఆమెని దాటుకుని వెళ్ళాను. వేపాకు పొగ కళ్ళు మండిస్తోంది. నులకమంచం మీద సామ్రాజ్యం. మొహం ఉబ్బిపోయి గుర్తుపట్టేలా లేదు. నాలుక కొరుక్కుని దిండంతా నెత్తురు. మూలన చాపమీద పసిపిల్ల ఏడుస్తోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను సిరంజిలోకి మందు తీస్తుండగానే మళ్ళీ వచ్చింది. ముందు మొహం ఒక పక్కకి లాగింది, తర్వాత ఒళ్ళంతా కర్రలా బిగిసింది, ఆ తర్వాత మంచం కోళ్ళు నేలకి టకటకా కొట్టుకున్నాయి. ఊపిరి ఆగింది. మొహం నీలమైంది. ఆ ఊపిరి తిరిగి వచ్చేదాకా గడిచిన కాలం ఎంతో నేను చెప్పలేను. నా సొంత ఊపిరి కూడా నాకు గుర్తులేదు.

ఇంజెక్షను ఇచ్చి, పక్కకి తిప్పి, పళ్ళ మధ్య గుడ్డ పెట్టి, "కార్లోకి ఎక్కించండి" అన్నాను. అత్తగారు మంచం పట్టె పట్టుకుని వదల్లేదు.

"దారిలో పోతే? ఊరి బయట పోతే పీనుగుని ఇంట్లోకి కూడా తేనివ్వరు. నీకేం తెలుసు?"

ఆవిడ అన్నది జరగొచ్చు కూడా. "నాకూ భయంగానే ఉందమ్మా. ఒక్కదాన్నే తీసుకుపోలేను. మీరూ రండి, తల మీ ఒళ్ళో పెట్టుకోండి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో, లేచి చెప్పులు కూడా వేసుకోకుండా కార్లో కూర్చుంది. పసిపిల్లని వెంకటేశ్వర్లు తువ్వాల్లో చుట్టుకున్నాడు. నందిగామ చేరేదాకా ఆ అత్తగారు కోడలి నుదురు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఫిట్స్ ఆగాయి గానీ భయం ఆగలేదు. స్పృహ వచ్చాక సామ్రాజ్యానికి పిల్ల గుర్తులేదు. పక్కలో పడుకోబెడితే, "ఎవరి పిల్ల? తీసుకుపోండి" అనేది. గోడ వంక చూస్తూ తనలో తను మాట్లాడుకునేది. మనిషి బతికింది కానీ ఇలాగే ఉండిపోతుందేమోనని ఆ గదిలోకి వెళ్ళాలంటేనే భయపడేదాన్ని. కొన్నాళ్ళకి ఒక ఉదయం పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే సామ్రాజ్యం తనంతట తనే చెయ్యి చాచి తీసుకుంది. "ఇంతసేపు ఏడిపిస్తారా దాన్ని?" అని అత్తగారి మీద విసుక్కుంది. కోడలు విసుక్కున్నందుకు ఆ ముసలమ్మ ఆనందంతో ఏడ్చింది.

పెద్ద డాక్టరుగారు నన్ను కోప్పడలేదు. ఆయన గురించి నిజం చెప్పాలి. హస్తవాసి గొప్పది, నోరు చెడ్డది. రోగి బంధువులని ఎంత మాట పడితే అంత మాట అనేవారు. నేను చేరిన రోజునే ఈ ఊళ్ళో ఏ బాధని ఏమంటారో ఆయన నాకు చెప్పి ఉండొచ్చు. తనకి తెలిసింది లోకానికంతా తెలుసనుకునేవారు. చాలామంది పెద్దవాళ్ళకి ఆ జబ్బు ఉంటుంది. కానీ ఆ వారం ఆయన చెప్పిన మాట మాత్రం నేను జీవితమంతా పాటించాను.

"జబ్బు పేరు అడిగితే వాళ్ళ భయం చెబుతారమ్మా. ఏం చూశారో అడుగు. కళ్ళతో చూసింది చెప్పమను."

తెలుగు మేష్టారు చెప్పింది

నందిగామ హైస్కూల్లో చేసి రిటైరైన ఒక తెలుగు మేష్టారు బీపీ చూపించుకోవడానికి వచ్చేవారు. ఒకరోజు ఆయన్ని అడిగాను. "మేష్టారూ, తగ్గినా గుణమే, ముంచుకొచ్చినా గుణమేనా? ఇదెక్కడి భాషండీ?"

బీపీ పట్టీ చేతికి ఉండగానే ఆయన పాఠం మొదలెట్టారు.

"సంస్కృతంలో గుణమంటే మొదట దారం పోగమ్మా. పేనిన తాటికుండే పేట. వింటినారి కూడా గుణమే. తాటికి పేటలున్నట్టు మనిషిలో కలిసి ఉండేవి గుణాలన్నారు. అక్కణ్ణించి స్వభావం అయింది. ఎన్ని పేటలు వేస్తే అన్ని రెట్లు కాబట్టి గుణకారం. వ్యాకరణంలో గుణసంధి సరేసరి."

"మరి జబ్బెలా అయింది?"

"అదెవరూ రాసిపెట్టలేదు. నేననుకునేది చెప్తా. మందు తన స్వభావం చూపిస్తే రోగం తగ్గుతుంది, అది గుణమివ్వడం. రోగం తన స్వభావం చూపిస్తే మనిషి మారిపోతాడు, అదీ గుణమే. బాలింత గుణం, పసిపిల్లల గుణం, జ్వరంలో పలవరించే సంధి గుణం. ఇంకో సంగతుంది. జనానికి జబ్బు పేరెత్తాలంటే భయం. పాము కరిచిందంటారా? పురుగు ముట్టిందంటారు. మశూచిని అమ్మవారంటారు. అట్లాగే ఇదీ. పేరు పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంటుందని."

ఆయన ఊహ ఎంతవరకు సరో పండితులు తేల్చాలి. నాకు మాత్రం చివరి మాట పనికొచ్చింది. ఎవరైనా గుణం అన్నారంటే వాళ్ళు ఏదో పేరు చెప్పడానికి భయపడుతున్నారని అర్థం చేసుకోవడం మొదలెట్టాను.

నవ్వుతున్న మనిషి

ఎనభైల్లో జగ్గయ్యపేటలో నా సొంత ఆసుపత్రి పెట్టుకున్నాను. చిన్నది, కొద్ది మంచాలు. సున్నపురాయి లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఇల్లు దొరికింది, అదే ఆసుపత్రి. నాకు తోడు సిస్టర్ మరియమ్మ.

ఒక ఎండాకాలం ఉదయం క్వారీలో రాళ్ళు కొట్టే తిరపతమ్మ అనే ఆవిడ గబగబా లోపలికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మా ఆయన్ని తెచ్చానమ్మా, రిక్షాలో ఉన్నాడు. మెడ పట్టేసిందని మూలుగుతా ఉన్నాడు, అన్నం తినట్లా. ఇయ్యాల కాస్త గుణం కనిపించింది."

"గుణం అనొద్దమ్మా. నువ్వేం చూశావో చెప్పు" అన్నాను.

"నవ్వుతున్నాడమ్మా! పొద్దున లేచిన కాడ్నించీ నన్ను చూసి నవ్వుతానే ఉన్నాడు."

బయటికి వెళ్ళాను. రిక్షాలో కోటయ్య వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. కనుబొమలు పైకి లేచి ఉన్నాయి. పెదాల చివర్లు రెండు పక్కలకీ సాగి, పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. దూరం నించి చూస్తే నవ్వే. దగ్గరికెళ్ళి కళ్ళు చూశాను. ఆ కళ్ళు నవ్వడం లేదు. అవి నన్ను బతిమాలుతున్నాయి. నవ్వుతున్న మొహం మీద చెమట ధారలు కారుతున్నాయి.

"నోరు తెరువు కోటయ్యా" అన్నాను. తెరవలేకపోయాడు. కాలి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. రాయి పెచ్చు గుచ్చుకుంటే సున్నం, పసుపు పెట్టి కట్టారట.

ఇంతలో రిక్షా అతను పక్కకి జరపబోయి గంట మోగించాడు. ఆ చిన్న చప్పుడుకి కోటయ్య ఒళ్ళంతా విల్లులా వంగిపోయింది. తల వెనక్కి, నడుం పైకి. గొంతులోంచి అరుపు రాలేదు, రావడానికి దవడ విడలేదు. మొహం మీద ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది.

ధనుర్వాతం.

"తిరపతమ్మా, అది నవ్వు కాదమ్మా" అన్నాను. అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

"అట్టనమాకమ్మా" అంది ఆవిడ వెనక్కి జరుగుతూ. "నన్ను చూసే నవ్వాడు. నేను చూశాగా."

కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్ళకి ఒక మాట చెబుతాను. జబ్బు చెప్పడం కష్టం కాదు. ఇంటివాళ్ళు పట్టుకుని ఉన్న ఆశ ఏదో అదే జబ్బు లక్షణమని చెప్పడం కష్టం. దానికి ఏ పుస్తకంలోనూ పద్ధతి రాసి లేదు. నేను తిరపతమ్మ చెయ్యి పట్టుకున్నాను, అంతే చేశాను.

పెద్ద ఆసుపత్రికి పంపాలా అన్నది మొదటి ప్రశ్న. నందిగామకి ఫోను చేశాను. పెద్ద డాక్టరుగారు అంతా విని, "ఆ కుదుపులకి, హారన్లకి దారిలోనే పోతాడు. నీ దగ్గరే ఉంచు. చీకటి గది, చప్పుడు ఉండకూడదు. విషానికి విరుగుడు సీరం పంపిస్తా" అన్నారు. ఆగి, "భయపడుతున్నావా?" అని అడిగారు.

"అవునండీ."

"ఆ గది బయట భయపడు. లోపల వద్దు."

రోడ్డు మీద

చివరి గది ఖాళీ చేయించి కిటికీలకి దుప్పట్లు కట్టాం. గాయం శుభ్రం చేసి, సీరం, పెన్సిలిన్, నిద్ర ఇంజెక్షన్లు మొదలెట్టాం. ముక్కులోంచి గొట్టం వేసి గంజి, పాలు పోశాం. సిస్టర్ చెప్పులు విప్పి తిరిగేది. మంచాల మీదున్న మిగతా రోగులు కూడా దగ్గు వస్తే బయటికి వెళ్ళి దగ్గేవాళ్ళు.

కానీ రోడ్డుని ఏం చెయ్యగలం? రాళ్ళ లారీ వచ్చి మలుపులో హారను కొట్టిన ప్రతిసారీ లోపల కోటయ్య విల్లయిపోయేవాడు. ఒక్కో హారనుకీ అతనిలో ఎంతో కొంత ప్రాణం పోతున్నట్టు ఉండేది. నేను గది బయట నిలబడి లారీ శబ్దం దూరం నించి దగ్గరవుతుంటే గోడ పట్టుకునేదాన్ని.

మొదటిరోజు తిరపతమ్మ గుమ్మంలో కూర్చుని ఇదంతా చూసింది. మర్నాడు పొద్దున్నే కనిపించలేదు. క్వారీ పనికి వెళ్ళిందేమో అనుకున్నాను. కాసేపటికి నాకు తోచింది, హారన్లు వినపడటం లేదని.

బయటికి వచ్చి చూశాను. మలుపుకి అవతల, రోడ్డు మధ్యలో తిరపతమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ ఎత్తి లారీని ఆపింది. డ్రైవరు తల బయటపెట్టి బూతులు తిడుతున్నాడు.

"చావాలని ఉందా? అడ్డం లే!"

"హారను కొట్టమాకయ్యా. మా ఆయన లోపలున్నాడు. సప్పుడైతే పోతాడు. నీ కాళ్ళు పట్టుకుంటా."

అతను ఆసుపత్రి వైపు చూశాడు. తిట్టడం ఆపి, లారీని నడకలా పోనిచ్చాడు.

ఆ రోజు నించి ఆవిడ అక్కడే. నీడకి చెట్టు కూడా లేని చోటు. తారు కాళ్ళకి అంటుకునే ఎండలో తడిగుడ్డ నెత్తిన వేసుకుని నిలబడేది. క్వారీలో తోటివాళ్ళు వచ్చి ఆవిడ తినేలోపు కాసేపు నిలబడేవాళ్ళు. డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. కొన్నాళ్ళకి చాలామంది ఆమెని చూడకముందే వేగం తగ్గించేవాళ్ళు. అయినా ఆవిడ రోడ్డు వదల్లేదు. కొత్త లారీ ఏదైనా రావచ్చు కదా.

గదిలోకి మాత్రం వచ్చేది కాదు. మొదట్లో ఒకసారి ఆమె గొంతు విని కోటయ్యకి ఈడ్పు వచ్చింది. అప్పటినించి నన్ను గుమ్మంలో చూస్తే రోడ్డు మీంచే చేత్తో అడిగేది, ఎలా ఉన్నాడని. నేను తల ఊపేదాన్ని. ఆ ఊపుకి అర్థం ఏమిటో నాకే తెలియదు. ఇంకా ఉన్నాడు, అంతే.

ఒకరోజు గొంతు కండరాలు బిగిసి ఊపిరాడలేదు. గోళ్ళు నల్లబడ్డాయి. సిస్టరూ నేనూ మాట్లాడుకోకుండానే ఒకరం తల పట్టుకున్నాం, ఒకరం మందు ఎక్కించాం. ఛాతీ మళ్ళీ కదిలేసరికి సిస్టర్ నేలమీద కూలబడింది. నేను బయటికి వచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాను. తల తిప్పి చూస్తే తిరపతమ్మ రోడ్డు మీంచి నన్నే చూస్తోంది. ఆ రోజు చేత్తో అడగలేదు. ఎదురుగా వస్తున్న లారీ వైపు తిరిగి చేతులెత్తింది.

ఆ గండం దాటాక ఈడ్పులు దూరమవుతూ వచ్చాయి. వారాలు గడిచాక ఒక ఉదయం సిస్టర్ పరుగున వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "మేడమ్, నవ్వు పోయింది" అంది. వెళ్ళి చూశాను. కోటయ్య మొహం సడలి, దిగులుగా, అలసిపోయిన మామూలు మనిషి మొహంలా ఉంది. ఒక మనిషి మొహంలో నవ్వు పోయినందుకు నేనంత సంతోషించడం అదే మొదలు, అదే ఆఖరు. చెంచా పట్టేంతగా నోరు తెరుచుకుంటోంది.

ఇంకొన్ని రోజులు ఆగి తిరపతమ్మని లోపలికి పిలిచాను. కిటికీ దుప్పటి ఒక పక్క తీయించాను. ఆవిడ చేతి గాజులు పైకి నెట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి వచ్చి గుమ్మంలో ఆగింది. మొహం, మెడ, చేతులు ఎండకి మాడి, చర్మం పొరలు పొరలుగా లేచింది. కోటయ్యకి రోడ్డు సంగతి ఏమీ తెలియదు. చీకట్లో ఉన్నాడు, మత్తులో ఉన్నాడు. ఆవిడ వంక చూశాడు. దవడ మెల్లగా కదిలింది.

"ఏమే, అంత నల్లబడ్డావేంటి?" అన్నాడు.

తిరపతమ్మ అక్కడే చతికిలబడి కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది, ఏడుపు చప్పుడు అతనికి వినపడకుండా.